చెవి సాక్ష్యం, మీటరు సాక్ష్యం: పాత హై-ఫై పత్రికల పునఃపఠనం

ధ్వని యంత్రాలను గురించి ఇంగ్లండులోను, అమెరికాలోను వెలువడిన పత్రికలను సాహిత్య విమర్శకులు చదవదగినవిగా భావించరు. యాంప్లిఫయర్ల ధరలు, లౌడ్‌స్పీకర్ల కొలతలు, పుటల కొద్దీ వ్యాపార ప్రకటనలు నిండిన ఆ సంచికలు కొత్త నమూనా బజారులోకి రాగానే పాత కాగితాల కట్టలో చేరిపోయేవి. అయినా ఆ పుటలలో దశాబ్దాల తరబడి సాగిన ఒక వాదం మాత్రం పాతబడలేదు. ఒక యంత్రం సంగీతాన్ని నమ్మకంగా పలికిస్తున్నదా లేదా అన్నది నిర్ణయించవలసింది కొలత పరికరమా, వినే చెవియా? భావకవిత్వ కాలం నుంచి మనకు పరిచితమైన మాటలలో చెప్పాలంటే, ఇది వస్త్వాశ్రయానికీ ఆత్మాశ్రయానికీ నడుమ వచ్చిన తగవు. కవిత్వంలో ఆ తగవు ఎవరి ఆస్తినీ హరించలేదు. ఇక్కడ వేల డాలర్ల వ్యాపారం దాని మీద నడిచింది.

ఈ పత్రికలను తిరిగి చదవడానికి కోల్‌కతా కంటె తగిన నగరం మన దేశంలో మరొకటి లేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ పంపగా వచ్చిన ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ ఇక్కడి ఒక హోటల్ గదిలో గౌహర్ జాన్ పాటను ముద్రించాడు. 1908లో సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలసింది. 1928లో అది డమ్‌డమ్‌కు చేరింది. ఆ రికార్డులకు ప్రాణమైన లక్క ఛోటానాగపూర్ అడవుల నుంచి ఈ రేవుకే వచ్చేది. 1970లో అశోక్ ముఖర్జీ సోనోడైన్ సంస్థను ఇక్కడే నెలకొల్పారు. దిగుమతి ఆంక్షల కాలంలో విదేశీ యాంప్లిఫయరు సామాన్య ఉద్యోగికి అందని పండు. కాని దానిని వర్ణించిన పత్రిక ఫ్రీ స్కూల్ స్ట్రీటు పాత దుకాణాలలో అందేది. వినే అవకాశం లేని ధ్వనిని గురించి చదవడమంటే ఏమిటి? పాఠకుడికి దక్కేది కేవలం వచనమే. అందువల్ల వీటిని వచనంగా పరీక్షించే హక్కు మనకు కొంత ఎక్కువే ఉంది.

వచనంగా వీటి వంశం చిన్నదేమీ కాదు. 1923లో లండనులో 'ది గ్రామఫోన్' పత్రికను స్థాపించిన కాంప్టన్ మెకంజీ నవలాకారుడు. యుద్ధానంతరం అమెరికాలో 1951లో 'హై ఫిడెలిటీ', ఇంగ్లండులో 1956లో 'హై-ఫై న్యూస్' వచ్చాయి. అమెరికాలో అధిక ప్రచారం పొందిన 'స్టీరియో రివ్యూ'లో జూలియన్ హర్ష్ అనే ఇంజనీరు దశాబ్దాలపాటు పరికరాలను పరీక్షించి రాశాడు. శక్తి ఎన్ని వాట్లు, వక్రీకరణ ఎంత శాతం, ఏ పౌనఃపున్యం వద్ద ఎంత తగ్గుదల అన్నవి వరుసగా చెప్పి, యంత్రం చెప్పిన పని చేస్తున్నదని ముగించేవాడు. అది ఆడిటు నివేదిక శైలి. ఆడిటు నివేదికను రసం కోసం ఎవరూ చదవరు. కాని అది అబద్ధం చెప్పదన్న నమ్మకంతో చదువుతారు.

ఆ శైలిపై తిరుగుబాటు చేసినవాడు జె. గోర్డన్ హోల్ట్. 'హై ఫిడెలిటీ'లో పనిచేస్తూ, ప్రకటనదారుల ప్రాబల్యంతో విసిగి బయటికి వచ్చి, 1962లో 'స్టీరియోఫైల్' ప్రారంభించాడు. సంచికలు ఎప్పుడు వస్తాయో చెప్పలేని పత్రిక అది. యంత్రాన్ని విని, విన్నదానిని మాటలలో పెట్టడమే సమీక్ష అని హోల్ట్ పట్టుదల. 1973లో హారీ పియర్సన్ 'ది ఆబ్సల్యూట్ సౌండ్' స్థాపించి ఈ మార్గానికి ఒక సిద్ధాంతాన్ని కల్పించాడు. నిజమైన ఆవరణలో, మైకు సహాయం లేకుండా పలికే వాద్యధ్వనియే పరమ ప్రమాణం. యంత్రం దానికి ఎంత చేరువగా వస్తే అంత మంచిది. పియర్సన్ వచనంలో ఊపు ఉంది. వేదిక మీద వాద్యాలు ఎంత లోతున కూర్చున్నాయో, వాటి చుట్టూ గాలి ఎలా ఆడుతున్నదో చదువరి కళ్ళకు కడతాడు. ఆ పుటలను ఇప్పుడు చదివినా ఆనందంగానే ఉంటుంది. ఇబ్బందల్లా, ఆ వర్ణన యంత్రానిదా రచయితదా అని తేల్చడం దగ్గరే.

పియర్సన్ ప్రమాణం మన దేశానికి వచ్చేసరికి మరొక చిక్కు ఎదురవుతుంది. 1952 నుంచి కోల్‌కతాలో జరుగుతున్న డోవర్ లేన్ సంగీత సమ్మేళనంలో రాత్రంతా కూర్చున్న రసికుడు విన్నది మైకు గుండా వచ్చిన సరోద్‌నే. మన సభలలోని కచేరీ అంతే. మైకు లేని పాటను ఎరిగినవారు పాత జమీందారీ బైఠక్‌లలో కూర్చున్నవారు, సురభివారి పాతకాలపు నాటకాలలో పద్యం విన్నవారు, గురువు ఎదుట కూర్చుని నేర్చుకున్నవారు. తక్కినవారికి ప్రత్యక్ష సంగీతమే లౌడ్‌స్పీకరు సంగీతం. అటువంటప్పుడు ఏ ప్రమాణానికి చేరువగా రావాలి? 'పరమ' అన్న విశేషణం వెనుక పాశ్చాత్య సింఫొనీ మందిరపు వాస్తువు దాగి ఉన్నదని పియర్సన్ అనుచరులు ఎన్నడూ విచారించినట్లు కనిపించదు.

ఇక సాక్ష్యాల సంగతి. 1987 జనవరి సంచికలో 'స్టీరియో రివ్యూ' చవక యాంప్లిఫయర్లను, అతి ఖరీదైన వాటిని పేర్లు తెలియనీయకుండా వినిపించి, శ్రోతలు గుర్తుపట్టగలరేమో పరీక్షించింది. ధ్వని స్థాయిలు సమం చేశాక, గుర్తుపట్టిన లెక్క బొమ్మా బొరుసా వేసిన లెక్కను మించలేదు. ఆత్మాశ్రయవాదులు పరీక్ష పద్ధతినే తప్పుపట్టారు. ఒత్తిడిలో చెవి మొద్దుబారుతుందన్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని ఆ తర్వాత జరిగిన సంగతి చూడండి. పాత అనలాగ్ టేపుల నుంచి రికార్డులు చేసే 'మొబైల్ ఫిడెలిటీ' అనే అమెరికన్ సంస్థ, 2011 నుంచే కొన్నింటి తయారీలో డిజిటల్ దశను వాడుతున్నదని 2022లో బయటపడింది. డిజిటల్ వాసన తగిలినా పసిగట్టగలమన్న శ్రోతలు ఆ రికార్డులనే అచ్చమైన అనలాగ్ మాధుర్యానికి తార్కాణంగా ఏళ్ళ తరబడి మెచ్చుకున్నారు. చెవి అక్కడ అబద్ధం చెప్పలేదు. రికార్డులు నిజంగానే బాగున్నాయి. అట్ట మీది మాటను చదివి కన్ను చెవికి సాక్ష్యం నేర్పింది.

అలాగని మీటరు పక్షం కడిగిన ముత్యమేమీ కాదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు వచ్చిన కొత్తలో వక్రీకరణ శాతాన్ని దశాంశ బిందువు తరువాత సున్నాలలోకి దించడమే తయారీదార్ల పోటీ అయింది. అంకెలు అద్భుతం, ధ్వని కరకు. శ్రోతలది భ్రమ అన్నారు. నిలకడగా మోగే ఒకే స్వరంతో కొలిచినప్పుడు కనిపించని దోషం, సంగీతంలోని ఆకస్మిక వేగాల దగ్గర తలెత్తగలదని ఫిన్లండు ఇంజనీరు మాట్టి ఒటాలా 1970లో చూపించాడు. ఆ వివరణ ఎంతవరకు చెల్లుతుందన్న దానిపై తరువాత వాదాలు నడిచినా, కొలిచే పద్ధతులు మారక తప్పలేదు. కొలత తప్పు కాదు, కొలిచిన వస్తువు వేరు. గుడ్డి పరీక్షలకూ మోసం తెలుసు. ఎడిసన్ సంస్థ 1915 నుంచి ఊరూరా జరిపిన ప్రదర్శనలలో చీకటిలో పాడుతున్నది గాయనియో రికార్డో జనం పోల్చుకోలేకపోయారని గొప్పగా చాటుకున్నారు. యంత్రం స్థాయికి తన గొంతును తానే సరిపెట్టుకుని పాడినట్లు యాన్నా కేస్ అనే గాయని చాలా కాలం తరువాత చెప్పింది.

ఈ పత్రికలు చదవడం ముగించి బౌబజార్ వైపు నడిస్తే వాదం మరొక రూపం దాలుస్తుంది. విశాఖపట్నంలో చదువు మొదలుపెట్టిన చంద్రశేఖర వేంకట రామన్ 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా చేరి, ఆఫీసు వేళలకు ముందూ వెనకా 210 బౌబజార్ వీథిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన సాగించిన కథ పాఠకులకు విదితమే. ఆయన తొలి పరిశోధనలలో అధికభాగం వాద్యాల మీదనే. ఒక తీగను ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన అతిస్వరాలు పుట్టవని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ పరంపరగా వచ్చిన సూత్రం. తంబుర, వీణలలో అవి నిక్షేపంగా వినిపిస్తున్నాయని 1921లో రామన్ ప్రకటించారు. కారణం వంపు తిరిగిన గుర్రం. తంబురలో దానికి తోడు తీగ కింద జొనిపే దారపు పోగు. కర్ణాటక సంగీతజ్ఞులు జీవ అనీ, హిందుస్తానీ విద్వాంసులు జవారీ అనీ పిలిచే గుణం ఇదే. దారాన్ని వెంట్రుకవాసి జరిపి 'ఇదిగో, పలికింది' అనే విద్వాంసుని వద్ద ఏ మీటరూ లేదు. అతని చెవి విన్నది ఐరోపా సూత్రం లేదన్నది. సూత్రం తలవంచింది.

కాని రామన్ చెవితోనే ఆగిపోలేదు. వయొలిన్ కమాను వేగాన్ని, ఒత్తిడిని విడివిడిగా కొలవడానికి, మనిషి చేతిని తప్పించి యంత్రంతో వయొలిన్ వాయించే ఏర్పాటు చేశారు. మృదంగం, తబలా మూతలపై మధ్యనున్న నల్లని పూత వల్ల అతిస్వరాలు ప్రధాన స్వరంతో పొత్తు కుదిరి శ్రుతిబద్ధంగా మోగుతాయని 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు. ఆ పూత పూసినవారికి గణితం రాదు, వినడం వచ్చు. ఈ పరిశోధనలలో చెవి వాదిగా ప్రవేశించింది, పరికరం అడ్డుప్రశ్నలు వేసింది. అమెరికన్ పత్రికల తగవులో ఇద్దరూ న్యాయమూర్తి పీఠం కోసమే పోరాడారు.

హోల్ట్ ఈ సంగతి గ్రహించినవాడనే నా అభిప్రాయం. ధ్వనిగుణాలను చెప్పే మాటలకు ఆయన ఒక నిఘంటువే కూర్చాడు. ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాలలో వాడితే విమర్శ సాగదు గదా. 2009లో మరణించడానికి రెండేళ్ళ ముందు, తాను పెంచిన ఈ రంగం పేర్లు దాచి వినే పరీక్షలను తిరస్కరించి విశ్వసనీయతను పోగొట్టుకున్నదని బాహాటంగా నిందించాడు. సొంత శిష్యులకు ఆ మాట రుచించలేదు.

ఈ నిఘంటువు పని మనకు కొత్తది కాదు. పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో కంఠధ్వనిని ఖాహుల, నారాట, బొంబక, మిశ్రకాలని విభజించాడు. బొంబకం ఆముదపు కాడవలె లోపల సారం లేని గొంతు. కఫ పిత్త వాతాలను కారణాలుగా చెప్పిన శాస్త్రం నేడు చెల్లదు. కాని వినికిడిని ఒక పేరుకు, పేరును ఒక ఉపమానానికి, ఉపమానాన్ని ఒక దేహకారణానికి ముడిపెట్టిన తీరు గమనార్హం. ఆ గ్రంథంలోని స్వరాధ్యాయం 1879లో కలకత్తాలోనే అచ్చయింది, రాచకొండ నేలిన మన సింగభూపాలుని వ్యాఖ్యతో. నేటి తెలుగులో ఒక రికార్డు ధ్వనిని వర్ణించవలసి వస్తే 'శ్రావ్యంగా ఉంది' దాటి ముందుకు పోము. బొంగురు, జీర, కంచు, కీచు, గరగర, బోలు అన్న మాటలన్నీ ఇంట్లో ఉన్నాయి, వ్యాసంలోకి రానివ్వము.

ఇదంతా పనిలేని రసికుల కాలక్షేపం కాదు. పాత రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చే కార్యక్రమాలు నేడు దేశంలో అనేకచోట్ల సాగుతున్నాయి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఉత్తర భారత శాస్త్రీయ సంగీతానికి ఒక ధ్వని భాండాగారాన్ని నెలకొల్పింది. తొలినాటి పలకలన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. ఆ ప్రమాణం 1925 ప్రాంతాల గాని స్థిరపడలేదు. 72 చుట్లతో ముద్రించిన పలకను 78తో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానానికి పైగా హెచ్చుతుంది. మూడు నిమిషాల పాట పద్నాలుగు సెకన్ల ముందే ముగుస్తుంది. గమకం తొందరపడుతుంది, గొంతు సన్నబడుతుంది. ఈనాటి వేగాన్ని మీటరు వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలదు; ఆనాటి వేగాన్ని చెప్పలేదు. పక్కన హార్మోనియం మోగితే కొంత ఆధారం దొరకవచ్చు. ఆ హార్మోనియంను ఏ స్థాయికి శ్రుతి చేశారన్నది మళ్ళీ ప్రశ్నే. అచ్చు ఎలా పలుకుతున్నది, ఊపిరి ఎక్కడ తీస్తున్నది, మనిషి గొంతు మనిషి గొంతులా ఉన్నదా అని విని చెప్పవలసినవారు ఆ బాణీ తెలిసిన విద్వాంసులు. అయితే ఆ వినడం కూడా అంకె చూపకుండా, రెండు మూడు వేగాలను కలగలిపి వినిపించి జరపాలి. లేకపోతే 78 అన్న అంకె చూసిన చెవి 78కే ఓటు వేస్తుంది.

గరగర తొలగించడంలోనూ ఇదే చిక్కు. విద్యుత్ ముద్రణ వచ్చాక కొన్ని రికార్డులలో తంబుర జీవ కొంతైనా పట్టుబడింది. అది ఉండే పౌనఃపున్యాలలోనే లక్క పలక బుసకూడా ఉంటుంది. బుసను కొలిచి తీసివేసే సాధనం జీవను కూడా కొంత ఊడ్చుకుపోతుంది. మిగిలిన నిశ్శబ్దానికి అంకెలలో మంచి మార్కులే పడతాయి. టెండరు పత్రంలో 96 కిలోహెర్ట్జులు, 24 బిట్లు అని రాయడం సులువు, అవసరం కూడా. దానితోపాటు మరి రెండు గడులు చేర్చడం కష్టం కాదు. శుద్ధి చేయని ప్రతిని విడిగా భద్రపరిచారా అన్నది మొదటిది. వేగాన్ని నిర్ణయించింది ఎవరు, ఏమి విని నిర్ణయించారు అన్నది రెండవది. ఆ నిర్ణయంతో ఏకీభవించని మరొక విద్వాంసుడు ఇరవై ఏళ్ళ తరువాత వచ్చి పలకను 74 చుట్లతో తిప్పి చూడాలనుకుంటే, అతనికి చేతికందవలసిన కాగితం అది.