గాయమును మూయు కణము: గుర్తింపులోని చిక్కు

చర్మము లోతుగా తెగి కొంత మాంసము ఊడిపోయినచోట, కొన్ని దినములకు ఎఱ్ఱని క్రొత్త కణజాలము పెరుగును. గాయపు అంచులు క్రమముగా లోనికి జరుగును. వాటిని లాగునది ఏది? ఈ ప్రశ్నకు 1971లో గబ్బియాని, రయన్, మాజ్నో అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక చిన్న వ్యాసములో సమాధానము సూచించిరి.

వారు ఆ క్రొత్త కణజాలమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. కొలాజెన్‌ను తయారుచేయు తంతుకణములలో, పేగుల గోడలందలి నునుపు కండరములలో నుండునట్టి సన్నని పోగుల కట్టలు వారికి కన్పించినవి. పోగులున్నంత మాత్రమున కణము లాగుచున్నదని రుజువు కాదు. అందుచేతనే వారు గాయమును ముడుచుటలో వీటిది 'సాధ్యమైన' పాత్ర అని మాత్రమే వ్యాసపు పేరులో చెప్పిరి. నునుపు కండరమును ముడిపించు మందులకు ఈ కణజాలపు ముక్కలును ముడుచుకొనునని అదే సంవత్సరమున ప్రయోగములు చూపినవి. ఆకారమును చూచి ఊహించుట, పనిని పరీక్షించి నిర్ణయించుట: ఈ క్రమమే ఆ పరిశోధనకు గల గొప్ప గుణము. ఈ కణములకు మయోఫైబ్రోబ్లాస్టులు అను పేరు స్థిరపడినది. తెలుగున కండర తంతుకణములనవచ్చును.

దోషము తరువాతి వాడుకలో నున్నది. నునుపు కండరమునకు చెందిన ఆల్ఫా ఆక్టిన్ అను మాంసకృత్తును పట్టి చూపు ప్రతిరక్షకము 1986లో వెలువడెను. అది మిక్కిలి ఉపయోగకరమైన సాధనమే. కాని, దాని రంగు పట్టినదెల్ల కండర తంతుకణమే యనుట పొరపాటు. రక్తనాళపు గోడలలోని కండరకణములకును ఆ రంగు పట్టును. మార్పు తొలిదశలో నున్న తంతుకణములు ఆ మాంసకృత్తు లేకయే కొంత లాగగలవు. కావున ఈ గుర్తు ఒక్కదానినే నమ్మినచో కానివి చేరును, అయినవి తప్పిపోవును.

ఇది కేవలము పేరును గూర్చిన తగవు కాదు. గాయము మూతపడిన పిదప ఈ కణములలో అధికభాగము తమంతట తామే నశించును. నశింపక నిలిచినచో కొలాజెన్ పేరుకొని మెత్తని అవయవము గట్టిపడును. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్, కాలేయపు సిర్రోసిస్ ఇట్టివే. వ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొనిపోవు డ్యూప్యుట్రెన్ వ్యాధిలోను ఈ కణములున్నవని గబ్బియాని, మాజ్నో 1972లోనే తెలిపిరి. ఇట్టి వ్యాధులకు మందును పరీక్షించునప్పుడు కణముల లెక్క తప్పినచో తీర్పును తప్పును. రంగు తగ్గినంత మాత్రమున కొలాజెన్ తగ్గినదని చెప్పరాదు.

వేరొక సంగతి. చర్మములో ఈ కణములు ముఖ్యముగా అక్కడి తంతుకణములనుండియే ఏర్పడును. కాలేయములోనో, విటమిన్ ఏ నిలువచేయు నక్షత్రాకార కణములు మారి ఇట్లగును. కావున మయోఫైబ్రోబ్లాస్టు అనునది కణమునకు ఇంటిపేరు కాదు. అది చేయుచున్న పనిని తెలుపు పేరు. ఆ కణము ఎచ్చట నున్నది, పోగుల కట్టలున్నవా, కొలాజెన్‌ను తయారుచేయుచున్నదా, ముడుచుకొనుచున్నదా అని నాలుగు విధముల విచారించిన పిమ్మటనే దానికా పేరు పెట్టవలెను. రంగుల పటమును చూచినప్పుడు, ఇది ఏ ఆధారముతో చెప్పబడినదని విద్యార్థి అడుగగలిగినచో, ఈ చిన్న కణము నేర్పవలసిన పాఠము నేర్పినట్లే.