అందరికీ ఒకే గది

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి. వరుసకి 44 గళ్ళు. అవి ముఖ్యంగా మెషీన్ చదవడానికి. ఆ ఫాంటు పేరు ఓసీఆర్-బి. స్విట్జర్లాండ్‌కి చెందిన ఆడ్రియన్ ఫ్రూటిగర్ 1968లో రూపొందించాడు. తన పేరు ఎన్నడూ అచ్చులో చూసుకోని మనిషి కూడా దేశం దాటాలంటే ఈ అక్షరాల్లోకి ఎక్కాల్సిందే. అందుకే దీన్నీ ఒక రచనలా పరిశీలించవచ్చు అనిపిస్తుంది.

చూడ్డానికి సాదాసీదా అక్షరాలు. గీత మందం దాదాపు అంతటా ఒకటే. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గది. చిక్కంతా ఆ గదితోనే. ఇంగ్లీషు ఐ ఒట్టి నిలువు గీత, అంత చోటులో వెలితిగా ఉంటుంది. కాబట్టి దానికి మాత్రం తలకీ పాదానికీ అడ్డగీతలు పడ్డాయి. ఎమ్, డబ్ల్యూలేమో భుజాలు ముడుచుకుని నిలబడతాయి.

మన బ్యాంకు చెక్కు అడుగున, అయస్కాంత సిరాతో అచ్చేసిన అంకెలు గమనించారా? అవీ మెషీన్ కోసం పుట్టినవే. అది అడిగినట్టల్లా ఒళ్ళు మార్చుకున్నాయి: ఒకచోట సన్నం, ఇంకోచోట బొడిపె. ఫ్రూటిగర్ అంతగా లొంగలేదు. మెషీన్ తడబడకూడదు, మనిషి కంటికీ వికారంగా ఉండకూడదు. రెండూ సాధించాడు.

మరి ఇలాంటి అక్షరాన్ని బోల్డ్ చేస్తే? మామూలు ఫాంటులో లావెక్కిన అక్షరం పక్కకి జరిగి చోటు చేసుకుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు, లావంతా గది లోపలే సర్దుకోవాలి. 8 అంకె కడుపులో తెల్లటి ఖాళీలు పూడుకొస్తాయి, అది ‘బి’లా కనబడ్డం మొదలెడుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి బోల్డ్ పనికొస్తుంది: చుట్టూ సన్నటి అక్షరాల మధ్య ఒక మాటని ఎత్తి చూపడానికి. పాస్‌పోర్టు వరుసలో అలా ఎత్తి చూపడం ఉండదు. మంత్రి పేరైనా కూలీ పేరైనా ఒకే మందం.

ఈ సమానత్వం చూసి మురిసిపోయేలోగా ఒక లెక్క. మొదటి వరుసలో పత్రం రకానికీ దేశానికీ 5 గళ్ళు పోతాయి. పేరుకి మిగిలేవి 39. ‘వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి’ని ఇంగ్లీషులో రాస్తే, ఖాళీలతో కలిపి, 34. ఇంటిపేరుకీ పేరుకీ మధ్య గుర్తులకి 2. ఇక ఇంటిపేరుకి దక్కేవి 3 గళ్ళు! పైన పూర్తి పేరున్నా, ఈ వరుసలో ఎక్కడో ఒకచోట కోత పడాల్సిందే. తాతల పేర్లు, ఇష్టదైవాల పేర్లు కలిపి బిడ్డకి పెట్టుకునే మనబోటి వాళ్ళకి ఇది చిన్న సంగతేం కాదు.

ఇందులో ఫ్రూటిగర్ తప్పేమీ లేదు. ఆయన అక్షరానికి ఒక్క గది చాలేలా చూశాడు. పేరుకి ఎన్ని గదులు కావాలో తేల్చింది వేరేవాళ్ళు. ఫాంటుగా ఓసీఆర్-బికి నా ఓటు ఉంటుంది. పేరుకి 39 చాలన్న లెక్కకి మాత్రం ఉండదు.