అమ్మీకి చెప్పని కథ

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ విన్న ఆడవాళ్లు 'ఇది మా కథే' అన్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. వినేవాళ్లు సొంతం చేసుకున్నారు కాబట్టే ఆ కథకు కాళ్లొచ్చాయి.

మరి మన సంగతి? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' తెలుగు సమాజాన్ని నిలదీశాయి. ఆ నిలదీత అవసరమే. కాని చాలావరకు మనం ఎదుటివాడికి జవాబుగానే రాశాం. మా అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఆమె బాధనే రాసి, ఆమెకు వినిపించకుండా సభల్లో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేనూ.

ఆ కథనే ఇంటి ఉర్దూలో అమ్మీకి చెప్పి చూద్దాం. 'ఐసా నై రే బేటా' అని ఆమె దిద్దిన చోటే మన ఉద్యమం మొదలవుతుంది.