చెప్పి మరీ కొట్టే ప్రత్యర్థులు

నింటెండో 1987లో ఎన్‌ఈఎస్ అనే తన వీడియో గేమ్ యంత్రం మీద తెచ్చిన బాక్సింగ్ ఆట ‘మైక్ టైసన్స్ పంచ్-అవుట్’ గురించి ఆ తరం వాళ్లని కదిలిస్తే ముందుగా వచ్చే మాట, అది చాలా కష్టమైన ఆట అని. ఆ వెంటనే వచ్చే మాట, అంత ఇష్టమైన ఆట మరొకటి లేదని. నలభై ఏళ్లు కావస్తున్నా ఈ రెండు మాటలూ జంటగానే వినిపిస్తున్నాయి. చిన్ననాటి జ్ఞాపకాలు ఎవరికైనా తియ్యగానే ఉంటాయి కదా అని కొట్టిపారేయవచ్చు. కానీ అదే కాలంలో అంతే కష్టంగా ఉండి, ఆడేవాళ్లని విసిగించి, చివరికి మరుగున పడిపోయిన ఆటలు కొల్లలు. ఇది నిలబడటానికి కారణం ఆ కష్టం నిజాయితీగా ఉండటమే. ఇందులో ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడామో తెలుస్తుంది. ప్రత్యర్థి తాను కొట్టబోయే దెబ్బను ముందుగా చెప్పి మరీ కొడతాడు. ఆ సూచనను పసిగట్టడమే ఆట. చేతి వేగం తర్వాతి సంగతి.

ఈ పద్ధతి పుట్టింది 1984 నాటి ఆర్కేడ్ యంత్రంలో. గెన్యో తకెదా రూపొందించిన ఆ ‘పంచ్-అవుట్’కి ఒకదాని మీద ఒకటిగా రెండు తెరలు ఉండేవి, పాత్రల బొమ్మలు గీసింది, తర్వాత మారియోతో జగమంతా పేరు పొందిన షిగెరు మియమొతో. ఆటగాడి బాక్సర్ పచ్చని తీగలతో అల్లినట్టు ఉండేవాడు, అతని ఒంట్లోంచి ఎదుటివాడు కనిపించేవాడు. ఇంట్లో టీవీకి తగిలించే ఎన్‌ఈఎస్‌కి ఆ శక్తి లేదు. (మన దగ్గర 1990లలో ‘వీడియో గేమ్’ పేరుతో అమ్మిన పెట్టెలు చాలావరకూ దీనికి నకళ్లే కాబట్టి ఆ బొమ్మల తీరు మన పాఠకులకూ తెలిసినదే.) తీగల బొమ్మ కుదరనప్పుడు తయారీదారులు చేసిన పని అద్భుతం: ఆటగాడిని చిన్నవాణ్ని చేసేశారు. అలా పుట్టాడు లిటిల్ మ్యాక్. పదిహేడేళ్ల వయసు, 107 పౌండ్ల బరువు, ఎదుటివాడి నడుము దాటని ఎత్తు. ప్రత్యర్థి మాత్రం తెరలో సగం నిండిపోతాడు. అంత పెద్ద బొమ్మ కదలాలని ఎమ్‌ఎమ్‌సీ2 అనే ప్రత్యేకమైన చిప్‌ను ఈ ఆట క్యాసెట్‌లో పెట్టారు. ఆ కాలపు ఆటల్లో మనుషులు బొటనవేలంత ఉండేవారు, ముఖాలు ఆనేవి కావు. ఇక్కడ కనుబొమ్మ కదిలినా కనిపిస్తుంది. ఆట మొత్తం ఆ కనుబొమ్మ మీదే నిలబడింది.

మ్యాక్ చేయగలిగినవి కొన్నే: కుడి ఎడమలతో ముఖానికో పొట్టకో గుద్దడం, పక్కకి తప్పుకోవడం, వంగడం, కాచుకోవడం. తొందరపడి గుద్దితే ఎదుటివాడు కాచుకుంటాడు, మ్యాక్ దగ్గరున్న హృదయం గుర్తుల్లో ఒకటి పోతుంది. దెబ్బ తింటే ఇంకా పోతాయి. అవి అయిపోతే మ్యాక్ ఒళ్లు గులాబీ రంగుకి తిరిగి, గుద్దే శక్తి ఉండదు. మళ్లీ శక్తి రావాలంటే ఎదుటివాడి దెబ్బ నుంచి తప్పుకోవాలి. ఈ ఒక్క నియమం చాలు, ఆట తత్వం తెలియడానికి. ఎడాపెడా బటన్లు నొక్కేవాడికి శిక్ష, నిలబడి గమనించినవాడికి బహుమానం. సరిగ్గా అదను చూసి కొడితే ఒక నక్షత్రం దక్కుతుంది. దాన్ని ఖర్చు పెట్టి బలమైన అప్పర్‌కట్ వేయవచ్చు.

సూచనలు ఎలా ఉంటాయో చూడండి. పిస్టన్ హోండా కనుబొమ్మలు అదురుతాయి. గ్రేట్ టైగర్ తలపాగాలోని మణి మెరుస్తుంది. అతను మాయమై చుట్టూ తిరుగుతూ వరసగా ఐదు గుద్దులు వేస్తాడు. ఐదింటినీ ఓపిగ్గా కాచుకుంటే కళ్లు తిరిగి నిలబడతాడు, ఒక్క దెబ్బకి పడిపోతాడు. కింగ్ హిప్పో నోరు తెరిచిన క్షణంలో ముఖం మీద కొడితే నిక్కరు జారిపోతుంది, అది పైకి లాక్కునేలోగా పొట్ట మీద గుద్దుకోవచ్చు. ఒకసారి పడితే ఇక లేవడు. అన్నిటికంటే అందమైనది బాల్డ్ బుల్ ఘట్టం. బరి చివరికి వెళ్లి, ఎద్దులా గెంతుతూ మీదకి వస్తాడు. తగిలితే మ్యాక్ నేల మీద ఉంటాడు. కానీ సరైన క్షణంలో పొట్టలో ఒక్క గుద్దు గుద్దితే అతనే కూలబడతాడు. ఆ క్షణం ఏదో చెప్పడానికి ప్రేక్షకుల్లో ఒక కెమెరా మెరుస్తుందని తయారీదారులు 2009లో బయటపెట్టారు. అంటే ఇరవై రెండేళ్ల పాటు అది అందరి కళ్లముందే ఉండింది.

చివరి ప్రత్యర్థి మైక్ టైసన్. 1986 నవంబరులో, ఇరవయ్యేళ్ల వయసులో, హెవీవెయిట్‌లో అతి పిన్న ప్రపంచ చాంపియన్ అయిన మనిషి. ఆటలో మొదటి 90 సెకన్లు అతను వేసే అప్పర్‌కట్ ఏది తగిలినా మ్యాక్ పడిపోవాల్సిందే. ఒకే రౌండ్‌లో మూడుసార్లు పడితే ఆట ముగుస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోయారు. అయినా టైసన్ కూడా చెప్పకుండా కొట్టడు. హుక్ వేయబోయే ముందు కన్ను కొడతాడు. తేడా అల్లా, ఆ సూచనకీ దెబ్బకీ మధ్య వ్యవధి బాగా తగ్గిపోవడమే. మొదటి ప్రత్యర్థి గ్లాస్ జో దగ్గర తీరిగ్గా నేర్చుకున్న పాఠాన్నే ఇక్కడ రెప్పపాటులో ఒప్పజెప్పాలి.

ఇదంతా బట్టీ పట్టడమే కదా అని ఒక ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజముంది. దెబ్బల వరస గుర్తుంటే ఆట తేలికవుతుంది. కానీ వరస తెలిసినంత మాత్రాన టైసన్ ఓడిపోడు, ఎందుకంటే అతని దెబ్బకీ దెబ్బకీ మధ్య విరామం ప్రతిసారీ ఒకేలా ఉండదు. బౌలర్ మణికట్టు చూసి బంతి ఎటు తిరుగుతుందో పసిగట్టే బ్యాట్స్‌మన్‌ని ఎవరూ బట్టీగాడు అనరు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది. 2014లో అమెరికాలో విరాళాల కోసం జరిగిన ‘ఆసమ్ గేమ్స్ డన్ క్విక్’లో ఒక ఆటగాడు కళ్లకు గంతలు కట్టుకుని ఈ ఆట ఆడి చూపించాడు. చూపే ప్రధానమైతే అదెలా సాధ్యం? సాధ్యమే, ఎందుకంటే తయారీదారులు దెబ్బలకు శబ్దాలు కూడా పెట్టారు. కళ్లు మూసుకుని చెవితో ఆడగలిగేంతగా సూచనలు నమ్మదగినవి. ఇది వాదాన్ని దెబ్బతీయదు, మరింత బలపరుస్తుంది.

పాత్రల చిత్రణ మీద వచ్చే విమర్శకి మాత్రం సమాధానం చెప్పి తప్పించుకోలేం. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ టైగర్‌కి తలపాగా, మంత్రవిద్య. రష్యావాడు సీసా ఎత్తి తాగేవాడు. ఆర్కేడ్‌లో అతని పేరు వోడ్కా డ్రంకెన్‌స్కీ, ఇంట్లోకి వచ్చేసరికి సోడా పొపిన్‌స్కీ అయ్యాడు. దూరం నుంచి గుర్తుపట్టాలంటే బొమ్మ అతిగా ఉండాలి కదా అని సమర్థించేవారున్నారు. అతి కావాలి, నిజమే. దానికి జాతిని వెక్కిరించనక్కరలేదు. ఏ దేశానికీ చెందని ఊహాద్వీపం నుంచి వచ్చిన కింగ్ హిప్పో సూచనే అన్నిటికంటే స్పష్టంగా ఉండటం దీనికి రుజువు. ఇది ఆటలోని లోపం, లోపంగానే ఒప్పుకోవాలి.

టైసన్ 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడాడు. అతని పేరు వాడుకునే ఒప్పందం ముగిశాక, అదే ఏడాది నింటెండో ఆ స్థానంలో మిస్టర్ డ్రీమ్ అనే కల్పిత బాక్సర్‌ని పెట్టింది. ముఖం మారింది గానీ దెబ్బలన్నీ అవే. ఇప్పుడు నింటెండో స్విచ్ చందాదారులకు దొరికేది ఆ రూపమే. ఆడదలచినవాళ్లకి ఒక మనవి: వెనక్కి తిప్పుకునే సౌకర్యాన్ని వాడకండి, కిటుకులు చెప్పే వీడియోలు ముందే చూడకండి. కొత్త టీవీల్లో బటన్ నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది, సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోండి. మొదటి రౌండ్‌లో ఒక్క గుద్దూ వేయకుండా ఎదుటివాడి ముఖమే చూడండి.