రిథమ్ ఆపి వాయించండి

ఈ వారం కొత్వాల్‌గూడ దగ్గర ఓ ఫంక్షన్ హాల్లో పెళ్లి విందుకు వెళ్లాను. భోజనాల వేళ ఆర్కెస్ట్రా కీబోర్డు కుర్రాడు తోడి ఎత్తుకున్నాడు. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి పిచ్ బెండ్ చక్రం మీద. తోడిలో గాంధారం ఉన్నచోట నిలవకూడదు, ఊగాలి. చక్కగా ఊగింది. విస్తరి ముందు కూర్చుని పరవశించిపోయాను.

ఇలా స్వరాన్ని ఊపే గమకం పలకని వాద్యం మన పాటకు చాలదన్నది ఈ కాలమ్‌లో నా పాత పాటే. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించినప్పుడూ ప్రధానంగా వినిపించిన వాదన అదే. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 కీబోర్డు వాద్యాల ధ్వనులు, డ్రమ్స్, ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ అన్నీ ఒకే పెట్టెలో అమర్చింది. ఈ తరహా కీబోర్డుల్లో పిచ్ బెండ్ కదిపితే స్వరం, నల్లమెట్లనూ లెక్కేసుకుంటే, మామూలుగా పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు జారుతుంది. గమకం ఇలా పలుకుతుంటే ఇక హార్మోనియంతో పనేముంది?

పనుంది. చిన్నప్పుడు మా ఊళ్లో రాయబారం నాటకం ఆడితే నేను కృష్ణుణ్ని కాక హార్మోనిస్టునే చూసేవాణ్ని. పద్యానికి తాళం కట్టు లేదు. నటుడు ఒక్క అక్షరం మీద ఎంతసేపు రాగం తీస్తాడో ఎవరికీ తెలియదు. హార్మోనిస్టు ఆయన గొంతు వెంటే నడిచేవాడు. నటుడు ఊపిరి తీసుకునేలోగా అదే రాగాన్ని అందుకుని, రెండు సంగతులు వేసి, మళ్లీ ఆయనకే అప్పగించేవాడు. జనం వన్స్ మోర్ అంటే రెండోసారి దారి మారేది. హార్మోనియమూ మారేది.

విందులో ఆ తర్వాత పెళ్లికూతురి తాతగారు మైకు అందుకుని పద్యం ఎత్తుకున్నారు. కుర్రాడు మర్యాదగా వెనక కీబోర్డులో దానంతటదే నడిచే రిథమ్ వేశాడు. పాపం, పెద్దాయన రాగం తీయబోయినప్పుడల్లా దరువు ముందుకు వెళ్లిపోయింది. మూడో పాదానికల్లా ఆయన పద్యాన్ని పాటలా పరుగెత్తించారు. తోడిని అంత అందంగా పలికించిన చేతులవి! నేర్పితే తాతగారి కోసం ఆగేవి కావా?

లోటు గమకంలో లేదు. ఎదుటి గొంతు కోసం ఆగడంలో ఉంది. ఆ దరువును ఆపే మీట ప్రతి కీబోర్డులోనూ ఉంది. నేర్పే గురువులకు నా విన్నపం: ఇలాంటి రిథమ్ స్టైల్స్ నేర్పడానికి ముందే పిల్లల్ని పద్యం పాడేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. రిథమ్ ఆపించండి. పాడేవాళ్లు ఎటు వెళితే అటు వెళ్లమనండి.