పరుషం తేలికైన చోట: జపనీస్ అనుకరణ పదాల్లో ధ్వని – భావం

తెలుగు వ్యాకరణం క, చ, ట, త, ప లను పరుషాలనీ, గ, జ, డ, ద, బ లను సరళాలనీ వ్యవహరిస్తుంది. జపనీస్ సంప్రదాయంలో శ్వాస ధ్వని ‘సేయిఒన్’, అంటే నిర్మల ధ్వని. నాద ధ్వని ‘దకుఒన్’, అంటే కలుషిత ధ్వని. జపనీస్ అనుకరణ పదాల అధ్యయనంలో ఈ పేర్ల వైరుధ్యం గమనించదగినది.

గులకరాయి దొర్లితే ‘కొరొకొరొ’, బండరాయి దొర్లితే ‘గొరొగొరొ’. నక్షత్రాల మెరుపు ‘కిరకిర’, కళ్ళకు వెగటైన మిరుమిట్లు ‘గిరగిర’. నున్నని జుట్టు ‘సరసర’, గరుకు తలం ‘జరజర’. తొలి హల్లు నాదమైనంతనే పరిమాణం, బరువు, స్పర్శలతోపాటు వక్త ఇష్టానిష్టాలూ మారుతున్నాయి. ఈ పదాల ధ్వన్యర్థ వ్యవస్థను షోకో హమానో 1998 నాటి గ్రంథంలో క్రమబద్ధంగా వివరించారు.

ఈ అర్థం ధ్వనిలోనే సహజంగా ఉన్నదా? తెలుగు ‘గలగల’, ‘ధగధగ’లు నాదాక్షరాలతో మొదలైనా ఆహ్లాదాన్నీ వైభవాన్నీ స్ఫురింపజేస్తాయి, తెలుగు ‘కిరకిర’ చెవికి కటువు. పరిమాణ సూచనకు ఉచ్చారణలో కొంత ఆధారం ఉండవచ్చు. ఇష్టానిష్టాల సూచన మాత్రం ఆ భాష నిలుపుకున్న ధ్వనిజంటల పరస్పర భేదం నుండి పుడుతున్నదని భావించడం సమంజసం.

అనువాదంలో చిక్కు ఇక్కడే. జపనీస్ ‘కిరకిర’కు ‘మిలమిల’ అర్థరీత్యా సరిపోతుంది. కాని జపనీస్ పాఠకునికి ఆ పదం వెనుక ‘గిరగిర’ నీడ ఉంటుంది. ‘మిలమిల’కు అటువంటి ప్రతిపక్షం లేదు. అందువల్ల అనువాదకుడు విడి పదానికి కాక, ఆ భేదానికి సమానకం వెతకవలసి ఉంటుంది.