ఆకు తరుమును, పూవు పిలుచును

శ్రావణపు ముసురు మూడు దినములు విడువక కురిసి తెరపి యిచ్చిన యొక ఉదయమున, ముందునాటి సాయంకాలము వరుసగా నాటిన బంతినారును చూడబోగా, అచ్చట మొండికాడలును, వాని నడుమ ఎండపొడకు వెండిజరీవలె మెరయు జిగురుచారలును తప్ప మరేమియు కనబడలేదు. పూలతొట్టి నెత్తి చూచితిని. దాని అడుగున చల్లని చీకటిలో చిప్పలేని నత్తలు ముడుచుకొని యున్నవి. పగలు దాగి, రాత్రి తేమలో వెడలి, నాలుకపై వేలకొలది సూక్ష్మదంతములతో లేతాకును ఆకురాయివలె గీరి తినుట వాని జీవనము.

విషగుళికలు చల్లుమని హితులు చెప్పిరి. కాని మెటాల్డిహైడ్ గుళికలు నత్తలకే గాక, వానిని మ్రింగిన కుక్కలకును ప్రాణాపాయకరములు. అందుచేత మందును గాక, మొక్కను ఎన్నుకొనుటయే మేలని నిశ్చయించి, నత్త విడిచిపోవు మొక్కయేదో, తేనెటీగ వ్రాలు మొక్కయేదో పెరటిలో ఒక ఋతువంతయు పరికించితిని. తులసి, తుమ్మి, వావిలి ఈ రెండు పరీక్షలకును నిలిచినవి. ఈ మూడింటి ఆకులును ఘాటైనవి; ఆకును కాచుకొనుటకు ఏ మొక్క పరిమళతైలమును కూర్చుకొన్నదో, ఆ మొక్కయే పూవులో మకరందము నుంచి అతిథులను పిలుచుచున్నది.

ఒకనాడు తులసివెన్నుల చుట్టు పొట్టపై నీలిపట్టెలు గల తేనెటీగ యొకటి తిరుగుచుండెను. అది పట్టు కట్టునది కాదు. నేలలో గూడు చేసికొను ఒంటరి జీవి. చూచుచుండగనే ప్రక్కనున్న వంగపూవును కరచుకొని జుమ్మని వణకినది; ఆ వణకునకు పసుపుపచ్చని కేసరముల కొనరంధ్రముల నుండి పుప్పొడి జలజల రాలినది. పట్టు కట్టు తేనెటీగకు ఈ విద్య చేతకాదు.

ఐనను ఘాటు ముదిరిన ఆకునకే రక్ష. నారునకు మన కాపు వలయును. కావున బంతిని మానక, జానెడు పెరుగువరకు అరుగుపై నుంచి పిదప నాటుచున్నాను. రాత్రికి పైమట్టి ఆరునట్లు నీరు ఉదయముననే పోయుచున్నాను.

ఆకు గుబురుగా వచ్చుటకై తులసివెన్నులను ఎప్పటికప్పుడు తుంచుట మా యింట తరతరముల వాడుక. ఇప్పుడును తుంచుచున్నాను, కాని వంగమడి వైపు వంగిన వెన్నులను మాత్రము ముట్టుటలేదు.